శనివారం ఇనుము

మా బావకు కార్ల పిచ్చి అని మిర్యాలగూడలో అనుకుంటారు. అది అబద్ధం. ఆయనకు ఒకే ఒక్క కారు పిచ్చి. మిగతావన్నీ ఆయన లెక్కలో ఆటోలే. నా స్విఫ్టు ఎక్కినప్పుడల్లా మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, పరాయివాళ్ళింటికి భోజనానికి వచ్చినవాడిలా కూర్చుంటాడు. ఇన్నేళ్ళలో ఆ బండి బాగుందని ఒక్క మాట అనలేదు. నేనూ అడగడం మానేశాను.

నా పేరు విష్ణువర్ధన్. కోదాడలో ఎరువులు, పురుగుమందుల దుకాణం నాది. మా అక్క సుగుణను మిర్యాలగూడలో రైసుమిల్లు ఉన్న ఇంటికి ఇచ్చారు. ఆ ఇంటి పెద్దకొడుకు సుధాకర్ మా బావ. అరవై దాటాయి. మిల్లు పనులు ఇప్పుడు ఆయన తమ్ముళ్ళు చూసుకుంటున్నారు. బావమరిదిని కాబట్టి ఆయన్ని ఆటపట్టించే హక్కు అక్క పెళ్ళినాడే నాకు వచ్చింది, దాన్ని నేను ఎన్నడూ వృథా పోనివ్వలేదు. కానీ ఈ మధ్య ఆ హక్కు వాడుకోబుద్ధి కావడం లేదు.

ఆ కారు స్టాండర్డ్ హెరాల్డ్. లేతాకుపచ్చ రంగు. ముందు భాగమంతా ఒకే మూతగా పైకి లేస్తుంది. బావ వాళ్ళ నాన్న బియ్యం బేరానికి మద్రాసు వెళ్ళి, రైల్లో తిరిగి రావలసిన మనిషి ఈ కారులో దిగాడట. బావ స్టీరింగు పట్టడం నేర్చుకున్నది మిల్లు కళ్ళం మీద. ఉడికించిన వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం అది, ఈ చివర నుంచి పిలిస్తే ఆ చివరికి వినపడదు. సాయంత్రం వడ్లు ఎత్తేశాక దాని మీద గుండ్రంగా తిప్పేవాడు. కొత్తగా కాపురానికి వచ్చిన మా అక్కను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పిందీ అక్కడే. అత్తగారు చూస్తుందేమోనని అక్క తల వంచుకుని తన కాళ్ళ వైపే చూస్తూ కూర్చుందట. తరవాత బావ వాళ్ళ నాన్న, ఆ పెద్దాయనే వెనక సీటు పీకించి బియ్యం బస్తాలు వేయించాడు. నాలుగు చక్రాలుంటే చాలు, దాని మీద బస్తా ఎక్కాల్సిందే అనుకునే ఇల్లు అది. ఒకనాడు అది ఆగిపోయింది. తాటిపత్రి కప్పి షెడ్డులోకి తోశారు.

అది అలాగే ఉండిపోయేది. కానీ కిందటేడు హైదరాబాదులో కళ్ళ డాక్టరు బావకు నీటికాసులు అన్నాడు. ఎడమకన్ను అప్పటికే పోయింది, అది పోయిన సంగతి కూడా మా బావకు తెలియదు. కుడికన్నులో చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తోంది. పోయిన చూపు రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో కొంతకాలం ఆపుతామని, ఎంతకాలమో చెప్పలేమని డాక్టరు చెప్పాడు.  ఇంటికి రాగానే బావ భోజనం కూడా చేయకుండా షెడ్డులోకి వెళ్ళి తాటిపత్రి లాగేశాడు.

"సూపు ఉండంగ ఒక్కపారి దీన్ని నడపాలె విష్ణూ," అన్నాడు. "రోడ్డు ఎక్కను. ఎవ్వల పానం మీదికి తేను. కళ్ళం మీద ఒక్క సుట్టు. గంతే."

నేను అక్క వైపు చూశాను. వద్దంటుందనుకున్నాను. ఆయన అడిగింది చేసిపెట్టమని అక్క నాతో మెల్లగా అంది. ఆనాటి నుంచి నేను మా బావకు డ్రైవరునయ్యాను. కోదాడలో దుకాణం నా భార్యకు అప్పగించి, వారంలో సగం రోజులు ఆయన్ని ఎక్కించుకుని ఊళ్ళు తిరిగాను.

మొదట్లో అంతా బాగానే సాగింది. మిర్యాలగూడలోనే శంకర్ అని ఒక మెకానిక్ ఉన్నాడు. లారీలు బాగుచేసేవాడు, ఓపిక గల మనిషి. కార్బొరేటరు హైదరాబాదులో దొరికింది. బ్రేకు రబ్బర్లు విజయవాడలో దొరికాయి. రేడియేటరును కోదాడలో మా దుకాణం వెనక సందులోనే అతుకు వేయించాను. ఏదో ఒక పొట్లం పట్టుకుని వెళ్ళినప్పుడల్లా బావ దాన్ని విప్పి, వెలుగులోకి తిప్పి, కుడికంటికి దగ్గరగా పెట్టుకుని చూసేవాడు. పెళ్ళికూతురి నగలు కూడా అంత శ్రద్ధగా చూడరని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన నవ్వేవాడు.

ఇంజను స్టార్టయిన రోజు మిల్లంతా వచ్చి చుట్టూ నిలబడింది. హమాలీలు బస్తాలు దించి వచ్చారు. అక్క హారతి పళ్ళెం తెచ్చింది. బావ గేరు వేసి క్లచ్చు వదిలాడు. కారు కదల్లేదు. వెనక నుంచి ఎముకలు నమిలినట్టు ఒక చప్పుడు వచ్చింది. శంకర్ కిందికి దూరి, వెనక చక్రాల మధ్య ఉండే ఇనుప పెట్టె, ఆ హౌసింగ్ విప్పి చూసి, కాసేపు అలాగే పడుకుండిపోయాడు. లేచి వచ్చి గుప్పిట విప్పితే అందులో ఇనుప పళ్ళు.

అది క్రౌన్ పినియన్. ఇంజను తిరుగుడును వెనక చక్రాలకు అందించే పళ్ళ చక్రాల జోడీ. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండూ కలిపి ఒకదానికొకటి సరిచూసి చేసినవి. ఒకటి పోతే రెండూ పోయినట్టే. పెద్దాయన వేయించిన బస్తాలు వాటి పళ్ళు ఎప్పుడో రాలగొట్టాయి. కారు ఆగిపోయింది ఇంజను చెడి కాదన్న సంగతి అప్పుడు తెలిసింది.

అక్కడి నుంచి మా తిప్పలు మొదలయ్యాయి. ఆ కారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. హైవే పక్కన ఉన్న షెడ్లన్నీ తిరిగాం, కోదాడలో ఒక్కటీ వదల్లేదు. లారీ క్రౌన్లు చూపించేవాళ్ళు, జీపువి చూపించేవాళ్ళు, ఒకాయనైతే ట్రాక్టరుది తెచ్చి ఇది సరిపోతుందేమో చూడమన్నాడు. దామరచర్లలో పవర్ ప్లాంటు పనులప్పుడు పాత బండ్లు చాలా వచ్చాయంటే అక్కడికి వెళ్ళాం. పెద్దవూరలో ఎవరి దొడ్లోనో అలాంటి కారు ఉందంటే వెళ్ళాం. ఉన్నది నిజమే కానీ అందులో కోళ్ళు ఉన్నాయి, కింద ఏమీ లేదు. ఫోన్లో పాత కార్ల వాళ్ళ గుంపులో చేరాను. కోయంబత్తూరు నుంచి ఒకాయన నా మెసేజీకి వెంటనే జవాబిచ్చాడు. ఎగిరి గంతేశాను. చదివితే, మీకు రెండు దొరికితే నాకొకటి చెప్పండి అని ఉంది.

సూర్యాపేటలో ఒక లేత్ షాపు వాళ్ళు చేసిస్తామన్నారు. ఆ పళ్ళు నేరుగా ఉండవు, వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపు కోసే మిషను తమ దగ్గర లేదని, వచ్చినంతలో చేస్తామని ముందే చెప్పారు. వాళ్ళను తప్పు పట్టలేను. బిగించిన రోజు కారు కదిలింది కూడా. షెడ్డు గడప దాటబోతుండగా పెద్దగా ఊళ వేసి ఆగింది. బావ స్టీరింగు వదలకుండా ముందుకే చూస్తూ కూర్చున్నాడు.  చివరికి శంకరే తలుపు తీశాడు. కారు చక్రాల మీద నిలబడాలి కాబట్టి ఆ పాత పళ్ళూడిన ముక్కల్నే మళ్ళీ లోపల పెట్టి మూసేశాడు.

ఈ లోపల కుడికన్ను ఆగలేదు. బావ నోటితో చెప్పడు. కానీ నా బండి తలుపు పిడికోసం చెయ్యి అటూ ఇటూ తడుముతోంది. హోటల్లో నీళ్ళ గ్లాసు పక్కనే పెట్టినా సర్వరును మళ్ళీ నీళ్ళడుగుతున్నాడు. ఎదురుగా వచ్చినవాళ్ళను మాట్లాడేదాకా పోల్చుకోలేకపోతున్నాడు. రోజూ పొద్దున్నే నాకు ఫోన్ చేసేవాడు, ఇయ్యాల ఎటు పోదాం అని. ఆ గొంతులో తొందర రోజురోజుకూ పెరిగింది. ఫోన్ మోగితే నేను విసుక్కుంటూ ఎత్తేవాణ్ణి.

వానాకాలం మధ్యలో సూర్యాపేట నుంచి బిక్షపతి ఫోన్ చేశాడు. ఆయనది పాత ఇనుము దుకాణం. మేము అంతకుముందు మూడు నాలుగుసార్లు వెళ్ళి, హెరాల్డ్ కారు ఫొటో చూపించి, ఫోన్ నంబరిచ్చి వచ్చాం. ఎవరో డాక్టరు గారి పాత కారును తన తమ్ముళ్ళు కోసి తెచ్చారని, మీ ఫొటోలో ఉన్న బండిలాగే ఉందని, వెనక భాగం ఇంకా కోయలేదని చెప్పాడు. నేను కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్ళి బావను ఎక్కించుకుని సూర్యాపేట చేరేసరికి ఎండ తిరిగింది.  దారంతా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఏదో స్తోత్రం చదువుకుంటున్నాడు.

అది హెరాల్డే. బిక్షపతి హౌసింగ్ మూత విప్పించాడు. లోపల నల్లటి నూనె, ఆ నూనెలో నిండుగా పళ్ళు. ఒక్కటి కూడా రాలలేదు. బావ కంటిని నమ్ముకోలేదు. చొక్కా చేతులు పైకి లాక్కుని, నూనెలో చెయ్యి పెట్టి, వేలితో ఒక్కొక్క పన్నూ తడుముతూ చక్రమంతా తిప్పాడు. ఆయన మొహం అంత తేటగా ఉండడం నేను చాలా రోజుల తరవాత చూశాను.  ఇప్పుడే డిక్కీలో వేయించమని బిక్షపతితో అన్నాను.

"ఇయ్యాల వద్దు," అన్నాడు బావ.

ఎందుకని అడగక్కర్లేదు. ఆ రోజు శనివారం. మా ఇళ్ళల్లో శనివారం ఇనుము తేరు. మేకు కాదు, సూది కాదు, ఏదీ తేరు. తెస్తే ఇంటికి శని పట్టుకొస్తుందని నమ్మకం. శనివారం మిల్లు బెల్టు దగ్గర బోల్టు విరిగితే, బజార్లో ఎదురుగానే బోల్టు దొరుకుతున్నా, ఆదివారం దాకా మిల్లు ఆపుకున్న ఇల్లు అది. నేనూ అంతే. శనివారం స్ప్రే పంపుల లోడు వస్తే లారీని బయటే నిలబెట్టి మర్నాడు దింపించుకుంటాను. ఆ నమ్మకంలో పుట్టి పెరిగినవాణ్ణే అయినా ఆ రోజు నాకు ఒళ్ళు మండింది.

మిర్యాలగూడకు వద్దు, కోదాడలో మా ఇంట్లో పెడతానన్నాను. నీ ఇల్లు మాత్రం నా ఇల్లు కాదా అన్నాడు. ఇంట్లోకి తేను, డిక్కీలోనే రేపటిదాకా ఉంచుతానన్నాను. బండి వాకిట్లో ఉంటే ఇంట్లో ఉన్నట్టే అన్నాడు. శంకర్ షెడ్డులో దించుదామన్నాను. శంకర్ ఇంటికి శని పట్టించమంటావా అని నన్నే అడిగాడు. బిక్షపతికి నవ్వొచ్చింది. శనివారమే తనకు గిరాకీ ఎక్కువని, ఆ లెక్కన తాను ఎప్పుడో మునిగిపోవాలని అన్నాడు. బావ నవ్వలేదు. నా భుజం మీద నూనె చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళాడు.

"ఇన్నొద్దులు ఆగినం విష్ణూ, ఒక్క పొద్దు ఆగలేమా? వేరే దానికైతే నేను గూడ పట్టించుకోకపోదును. ఇది కన్ను సంగతి. శనివారం ఇనుము తీస్కపోయి, ఉన్న జరంత సూపు గూడ పోతే ఎట్ల?"

 ఆయన భయపడుతున్నాడు. భయపడే మనిషిని ఎంతదాకా లాగగలం? రేపు పొద్దున్నే వస్తామని బిక్షపతితో చెప్పాం. ఆయన ఆ హౌసింగును కుప్ప నుంచి తీయించి, కాంటా గది గోడ పక్కన విడిగా పెట్టించాడు. గుర్తుకోసం బావ తన చేతిరుమాలు దానికి ముడివేశాడు. పానం లెక్క చూసుకుంటానని బిక్షపతి మాటిచ్చాడు.

తిరుగు దారిలో బావ నోరు మూయలేదు. శంకర్‌కు ఫోన్ చేసి ఆదివారం మధ్యాహ్నానికల్లా సిద్ధంగా ఉండమన్నాడు. కళ్ళం మీద ఉన్న లారీలు తీయించమని తమ్ముళ్ళకు చెప్పాడు. అక్కకు ఫోన్ చేసి, ఈసారి తల వంచుకుని కూర్చుంటే కారు ఎక్కనివ్వనన్నాడు. అక్క అటునుంచి ఏదో అంది, ఆయన పకపకా నవ్వాడు. అంత నవ్వు విని నా కోపం కూడా చల్లారింది. ఒక్క పూటలో ఏం మునిగిపోతుందిలే అనుకున్నాను.

ఆదివారం పొద్దున మేము వెళ్ళేసరికి బిక్షపతి దుకాణంలో కుప్ప లేదు. నిన్న ఇనుము కొండలా ఉన్న చోట ఎర్రటి తుప్పు నేల ఉంది, దాని మీద లారీ టైర్ల గుర్తులు. కాంటా గది గోడ పక్కన కూడా ఏమీ లేదు. బిక్షపతి ఎదురొచ్చాడు. ఆయన మొహం చూడగానే నాకు అర్థమైపోయింది. బావకు ఆ మొహం కనపడలేదు. నవ్వుతూ నమస్తే పెట్టాడు.

జరిగింది ఇది. శనివారం సాయంత్రం చిలుకూరులో బిక్షపతి మేనమామ చనిపోయాడు. అందరూ అక్కడికి వెళ్ళిపోయారు. పాత ఇనుమును కరిగించే ఉక్కు కొలిమికి తీసుకెళ్ళడానికి సోమవారం రావలసిన లారీ, రోడ్డు ఖాళీగా ఉంటుందని ఆదివారం తెల్లవారుజామునే వచ్చింది. లారీ వెంట వచ్చిన కూలీలు ఈ ఊరివాళ్ళు కాదు. ఇనుము దుకాణంలో ఉన్నదంతా ఇనుమేనని ఊడ్చి ఎక్కించుకుపోయారు. రుమాలు కట్టిన ఇనుముకు వేరే అర్థం ఉంటుందని వాళ్ళకెవరు చెప్పాలి?

"నా తప్పే సేటు," అన్నాడు బిక్షపతి. "పీనుగ దగ్గర కూసున్న. ఫోన్ గూడ సూస్కోలే."

చావు ఇంటి నుంచి వచ్చిన మనిషిని ఏమంటాం? లారీ డ్రైవరు నంబరు బిక్షపతే ఇచ్చాడు. నేను బండి తిప్పాను. ఉక్కు కొలిమి హైదరాబాదు దారిలో ఉంది. నా స్విఫ్టు అంత వేగం వెళుతుందని నాకే తెలియదు. డ్రైవరు ఫోన్ ఎత్తేసరికి మేము నార్కట్‌పల్లి దాటాం. ఎప్పుడో దింపేశానని, భోజనానికి వచ్చానని చెప్పాడు. ఆ మాట నేను బావకు చెప్పలేదు. చెప్పకుండానే నడిపాను.

గేటు దగ్గర కాపలా మనిషిని బతిమాలి, సూపర్‌వైజరును పిలిపించి, చెప్పిందే మళ్ళీ చెప్పి లోపలికి వెళ్ళాం. ఇనుము కుప్ప మేడంత ఎత్తుంది. క్రేనుకు వేలాడుతున్న అయస్కాంతం దిగడం, గుత్తులుగా పట్టుకుని లేవడం, కొలిమి వైపు వెళ్ళడం. పొద్దుటి లోడు ఎక్కడ పోశారని అడిగాను. సూపర్‌వైజరు జాలిగానే నా వైపు చూసి, కుప్ప చూపించలేదు, కొలిమి పొగ చూపించాడు. బావ నా చెయ్యి గట్టిగా పట్టుకుని మెడ ముందుకు చాచాడు. అయస్కాంతం చప్పుడు వైపు మొహం తిప్పుతూ, కనవడుతున్నదా విష్ణూ, రుమాలు కనవడుతున్నదా అని అడుగుతున్నాడు. నేను ఆ కుప్పంతా చూశాను. చుట్టూ తిరిగి చూశాను. లేదని చెప్పాను.

తిరిగి వస్తుంటే నేను తట్టుకోలేకపోయాను. ఒంటికాలి మీద లేచాను. నిన్న డిక్కీలో వేసుకుని ఉంటే ఈపాటికి శంకర్ బిగించేవాడని, సూర్యాపేట దాకా వచ్చి చేతిలో ఉన్నదాన్ని వదిలేసిన వాళ్ళు లోకంలో మనమేనని, శనివారం పట్టని శని ఆదివారం పట్టిందని అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన అన్నీ విన్నాడు. సూర్యాపేట ఊరి లైట్లు కనపడుతుండగా నోరు విప్పాడు.

"శనివారం తెస్తే కన్ను పోతదని భయపడ్డ. తేకపోతె గూడ పోతనే ఉన్నది. ఇగ నన్నేమనకు విష్ణూ."

నేను బండి పక్కకు ఆపి కాసేపు కిందికి దిగి నిలబడ్డాను. ఏడవడానికి కాదు, అలా అనుకుని దిగాను. కానీ ఏడ్చాను.

ఆ తరవాత కూడా నేను వెతుకుతూనే ఉన్నాను. కోయంబత్తూరాయనకు మళ్ళీ రాశాను. నాగపూరులో, పూణేలో ఎవరెవరికో ఫొటోలు పంపాను. వెతికింది నేనే. బావ మాత్రం పొద్దున్నే ఫోన్ చేయడం మానేశాడు. అంతకుముందు ఆ ఫోన్ మోగితే విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు స్నానం చేస్తున్నా చెవి అటే ఉండేది. నేను చేస్తే అక్క ఎత్తి, పడుకున్నాడనేది.

దసరాకు ముందు ఒకరోజు అక్కే ఫోన్ చేసి రమ్మంది. వెళితే వాకిట్లోనే ఆపి మెల్లగా చెప్పింది. రాత్రీ పగలూ లైటు వేసే ఉంచమంటున్నాడట. గోడ పట్టుకుని నడుస్తున్నాడట. కనిపిస్తోందా అని అడిగితే, నాకేమైంది, మంచిగ కనిపిస్తోంది అంటున్నాడట. డాక్టరు దగ్గరికి పోదామంటే అక్క మీద అరిచాడట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అక్క మీద అరవడం అదే మొదలు.

బావ షెడ్డులో, కారులో కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకే విష్ణూ అని పిలిచాడు. దగ్గరికి వెళ్ళాను.

"ఇంజన్‌తోటి గాకపోతె మాయె," అన్నాడు. "న్యూట్రల్‌ల పెట్టిన. మనుషుల్ని పిలువు, తొయ్యిండ్రి. నేను తిప్పుకుంట."

హమాలీలను పిలిచాను. వాళ్ళు ఆయన చేతి కింద పెరిగినవాళ్ళు, మారు మాట లేకుండా వచ్చి వెనక చేతులు వేశారు. నేనూ వేశాను. కారు షెడ్డులోంచి బయటికి కదిలింది. వెనక హౌసింగులో ఆ ఊడిన పళ్ళు కటక్ కటక్ మంటూనే ఉన్నాయి. కళ్ళం మీదికి రాగానే వాలు ఉంది. వాననీళ్ళు నిలవకుండా కళ్ళాన్ని ప్రహరీ వైపు వాలుగా పోస్తారు. ఆ వాలుకు కారు తనంతట తానే పరుగందుకుంది. బావ మోచెయ్యి కిటికీ మీద పెట్టి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఎంత సులువుగా నడుపుతున్నాడంటే, అక్క అనవసరంగా భయపడిందనుకున్నాను. చూపు ఉందనుకున్నాను. ఒక్క క్షణం సంతోషం పట్టలేకపోయాను.

నేరుగా వెళుతున్న కారు కళ్ళం మధ్యలో ఉన్నట్టుండి కుడికి తిరిగింది. అక్కడ ఏమీ లేదు. మనిషి లేడు, బస్తా లేదు, చదునైన సిమెంటు. కారు గుండ్రంగా అర్ధచుట్టు తిరిగి మళ్ళీ ఎడమకు వచ్చి దారిలో పడింది. హమాలీలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు నా చెవి దగ్గరికి వచ్చి, తొట్టి, అన్నాడు. పూర్వం ఆ చోట వడ్లు నానబెట్టే సిమెంటు తొట్టి ఉండేది. మిల్లులో వడ్లు నానబెట్టి ఉడికించే మిషను పెట్టినప్పుడు దాన్ని పగలగొట్టించారు. పగలగొట్టించిందీ బావే. కారు నేర్చుకున్న రోజుల్లో ఆ తొట్టి చుట్టూ తిప్పేవాడు. ఇప్పుడు ఆ రోజుల కళ్ళం మీద నడుపుతున్నాడు. ఈ కళ్ళం ఆయనకు కనపడడం లేదు.

కారు ప్రహరీ పక్కగా మలుపు తిరిగి, ముక్కు మళ్ళీ షెడ్డు వైపు పెట్టి, వాలు అడుగున ఆగింది. అక్క అరుగు మీద నిలబడి చూస్తూ ఉంది. ఆమెకూ అర్థమైందని ఆమె నిలబడ్డ తీరులోనే తెలిసింది. బావ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"మంచిగ తిప్పిననా?"

మంచిగ తిప్పావన్నాను. 

"తొట్టికి తగులుతదేమో అనుకున్న," అన్నాడు. మొహంలో ఆ ఆదివారం తరవాత నేను చూడని వెలుగు ఉంది. "ఇంకొక్క సుట్టు."

అప్పుడే గేటు దగ్గర లారీ హారను కొట్టింది. వడ్ల లోడు. మబ్బు పట్టి ఉంది, వాన పడేలోపల దించాలి. లోపలి నుంచి బావ తమ్ముడు కేకేశాడు. హమాలీలు నా వైపు చూశారు. నేను తల ఊపాను. వాళ్ళు తలగుడ్డలు చుట్టుకుంటూ లారీ వైపు వెళ్ళిపోయారు. అక్క అరుగు దిగి వచ్చి నా పక్కన నిలబడి, చీర కొంగు నడుముకు దోపి, కారు మీద చేతులు వేసింది.

"తొయ్యిండ్రి," అన్నాడు బావ లోపలి నుంచి.

నేనూ అక్కా తోశాం. భుజం ఆనించి, చెప్పులు జారుతుంటే విడిచేసి, వట్టి కాళ్ళు సిమెంటుకు తన్ని తోశాం. కారు పైకి జానెడు ఎక్కి, మళ్ళీ మా మీదికే జారింది. మళ్ళీ తోశాం. మళ్ళీ జారింది. లోపల బావ సీట్లో నిటారుగా కూర్చుని, మలుపు కోసం అప్పటికే స్టీరింగు తిప్పి పట్టుకుని ఉన్నాడు.